నడిబొడ్డు లేని నగరం: ఫ్రీమాంట్ ఎలా పుట్టింది, ఎలా బతుకుతోంది

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌కి కాపురం మారినవాళ్ళు మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఒకటుంది: ఇక్కడ డౌన్‌టౌన్ ఎక్కడ? 2020 జనాభా లెక్కల ప్రకారం 2,30,504 మంది ఉన్న ఊరు ఇది. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ ఉన్న బే ఏరియాలో శాన్ హోసే, శాన్‌ఫ్రాన్సిస్కో, ఓక్లాండ్ తర్వాత నాలుగో పెద్ద నగరం. ఇంత ఊరికి ఒక సెంటరు, నలుగురూ చేరే ఒక కూడలి ఉండాలి కదా అనుకుంటాం. వెతుక్కుంటూ వెళితే ఒకటి కాదు, చిన్న చిన్నవి నాలుగైదు పాత బజార్లు కనిపిస్తాయి. నైల్స్‌లో ఒకటి, సెంటర్‌విల్‌లో ఒకటి, ఇర్వింగ్టన్ నాలుగు రోడ్ల దగ్గర ఒకటి, మిషన్ శాన్ హోసే చర్చి ఎదురుగా మరొకటి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య మైళ్ళ దూరం. ఆ మధ్యలో వెడల్పాటి రోడ్లు, ఇళ్ళు, పార్కింగు స్థలాలు, మళ్ళీ ఇళ్ళు.

ప్లాను లేకపోవడం వల్ల ఇలా అయిందనుకుంటే పొరపాటు. అమెరికా శివారు ఊళ్ళలో ఇంత ముందుచూపుతో గీసుకున్నవి తక్కువే. డౌన్‌టౌన్ లేకపోవడానికి కారణం ఆ ఊరు పుట్టిన తీరులోనే ఉంది. పెద్ద నగరం పొంగి పక్కకు ఒలికితే ఏర్పడిన పేట కాదు ఫ్రీమాంట్. పక్క ఊళ్ళు తమను మింగేస్తాయన్న భయంతో ఐదు పల్లెలు కలిసి గీసుకున్న సరిహద్దు అది. ఇక్కడి కార్ల ఫ్యాక్టరీ, ఇళ్ళ ధరలు, చివరికి తెలుగువాళ్ళు ఇంతమంది ఇక్కడ స్థిరపడటం కూడా ఆ సరిహద్దు లోపల ఏ నేల దేనికని తీసుకున్న నిర్ణయాలతో ముడిపడి ఉన్నాయి.

కొండకీ ఉప్పునీటికీ మధ్య

ముందు నేల సంగతి. అలమీడా కౌంటీకి దక్షిణపు కొసన, అఖాతానికి ఆగ్నేయ మూలన ఫ్రీమాంట్ ఉంటుంది. తూర్పున 2,517 అడుగుల మిషన్ పీక్, దాని వెంట వేసవి రాగానే ఎండి బంగారు రంగుకి తిరిగే గడ్డి కొండలు. పడమటన చిత్తడి నేలలు, ఉప్పు మడులు. ఈ రెండింటి నడుమ బల్లపరుపు మైదానం. ఉత్తరాన యూనియన్ సిటీ, దక్షిణాన మిల్పిటాస్. నెవార్క్ అనే ఇంకో ఊరు దీని కడుపులోనే ఉంది. చుట్టూ ఫ్రీమాంటే, అయినా అది వేరే నగరం. దాని కథ తర్వాత వస్తుంది.

ఆ మైదానాన్ని తయారు చేసింది అలమీడా క్రీక్ అనే వాగు. కొండల్లోంచి నైల్స్ లోయ గుండా దిగివచ్చి, వేల ఏళ్ళుగా తెచ్చిన రాళ్ళూ గులకా ఒండ్రూ విసనకర్రలా పరిచింది. దాని అడుగున భూగర్భజలం పుష్కలం. 20వ శతాబ్దం మొదట్లో చుట్టుపక్కల నగరాలకు ఈ నీళ్ళు తరలిపోతుంటే, ఇక్కడి రైతులు 1914లో తమ సొంత జల సంస్థను పెట్టుకున్నారు. నగరం కంటే అది 42 ఏళ్ళు పెద్దది. ఎక్కువ తోడేసరికి అఖాతం వైపు నుంచి ఉప్పునీరు లోపలికి చొచ్చుకొచ్చింది. కోస్తా జిల్లాల్లో రొయ్యల చెరువుల పక్కన బావులున్నవాళ్ళకి ఈ బాధ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఇక్కడ కనిపెట్టిన ఉపాయం బాగుంది: వాగులో గాలి నింపితే ఉబ్బే రబ్బరు ఆనకట్టలు కట్టి, నీటిని పాత గులక క్వారీల గుంతల్లోకి మళ్ళించి, నెమ్మదిగా భూమిలోకి ఇంకనిస్తారు. ఆ గుంతలే ఇవాళ జనం చేపలు పట్టే, పడవలు నడిపే క్వారీ లేక్స్.

కొండ పాదం వెంబడి ఇంకో సంగతి ఉంది, అది పైకి కనిపించదు. హేవార్డ్ ఫాల్ట్ అనే భూపొరల చీలిక ఊరి నట్టనడుమ నుంచి వెళుతుంది. 1868 అక్టోబరు 21న ఇది కదిలినప్పుడు బే ఏరియాలో సుమారు 30 మంది చనిపోయారు, మిషన్ శాన్ హోసే చర్చి కూలింది. 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం వచ్చేదాకా "పెద్ద భూకంపం" అంటే జనం దీన్నే చెప్పుకునేవారు. బే ఏరియా ఊళ్ళను కలిపే లోకల్ రైలు బార్ట్. దాని ఫ్రీమాంట్ స్టేషన్ పక్కనే ఒక పాత మడుగు దగ్గర శాస్త్రవేత్తలు కందకాలు తవ్వి పొరలు చదివారు. గత 1,900 ఏళ్ళలో 12 పెద్ద కదలికల ఆనవాళ్ళు దొరికాయి. సగటున 160 ఏళ్ళకు ఒకటి. 1868కి 160 కలిపి చూసుకుంటే ఇక్కడి ఇంటి బీమా ఏజెంట్ల ముఖాలు ఎందుకలా ఉంటాయో అర్థమవుతుంది. పెద్దగా కదలని ఏళ్ళలోనూ ఆ చీలిక ఊరుకోదు. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున జరుగుతూనే ఉంటుంది. కాలిబాట అంచు రాళ్ళు వరస తప్పడం, పాత గోడలు బీటలివ్వడం దాని పనే. లేక్ ఎలిజబెత్ పార్కు దగ్గర కట్టిన పాత నగర కార్యాలయం భూకంపానికి నిలవదని చివరికి కూల్చేశారు.

ఎనిమిది పల్లెల టౌన్‌షిప్

ఈ నేల మొదట ఓలోనీ అనే మూలవాసులది. 1797 జూన్ 11న స్పానిష్ ఫ్రాన్సిస్కన్ గురువులు ఇక్కడ మిషన్ శాన్ హోసే అనే క్రైస్తవ మత ప్రచార కేంద్రాన్ని నెలకొల్పారు. కాలిఫోర్నియా తీరం వెంట పెట్టిన 21 మిషన్లలో ఇది 14వది. పశువులు, గోధుమ, ద్రాక్ష, ఆలివ్‌లతో మిషన్ బాగా కలిసొచ్చింది. ఆ పని చేసినవాళ్ళకి మాత్రం రోగాలూ చావులూ కలిసొచ్చాయి. మిషన్‌కి కొంచెం దూరంలో వాషింగ్టన్ బౌలెవార్డ్ పక్కన ఓలోనీల శ్మశానం ఉంది. నాలుగు వేల మంది ఇక్కడ నిద్రిస్తున్నారని రాతి మీద రాసి ఉంటుంది. ఇవాళ ఊళ్ళో ఒక కాలేజీకి ఓలోనీ పేరుంది. పేరు మిగిలింది, నేల మిగలలేదు.

1830లలో మెక్సికో ప్రభుత్వం మిషన్ల ఆస్తులను లాక్కుని పెద్ద పెద్ద జమీలుగా పంచింది. 1848 తర్వాత అమెరికన్లు వచ్చారు. బంగారం వేటకు కొండలెక్కేవాళ్ళకి సరుకులు అమ్మి మిషన్ శాన్ హోసే వ్యాపారులు బాగుపడ్డారు. కొందరు బంగారం దొరకక తిరిగొచ్చి ఇక్కడే భూములు కొని రైతులయ్యారు. అలా స్థిరపడ్డ ప్యాటర్సన్ కుటుంబం వ్యవసాయ క్షేత్రం ఆర్డెన్‌వుడ్ ఇప్పుడు పిల్లలకు పాతకాలపు సేద్యం చూపించే పార్కు. దాని పక్కన మొలిచిన కాలనీల్లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి.

1853లో అలమీడా కౌంటీ ఏర్పడ్డాక ఈ ప్రాంతాన్ని వాషింగ్టన్ టౌన్‌షిప్ అన్నారు. అందులో ఎనిమిది పల్లెలు: మిషన్ శాన్ హోసే, సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, వార్మ్ స్ప్రింగ్స్, నెవార్క్, అల్వరాడో, డెకోటో. ఒక్కోదానికి ఒక్కో బతుకుతెరువు. వార్మ్ స్ప్రింగ్స్‌లో వేడినీటి బుగ్గలు, ద్రాక్షతోటలు. నెవార్క్‌లో ఉప్పు, రైల్వే పని. సెంటర్‌విల్ చుట్టూ కూరగాయలు, పళ్ళతోటలు. వాటిలో పోర్చుగీసు, జపాన్ రైతుల కష్టం చాలా ఉంది. ఆ జపాన్ కుటుంబాలనే రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, ప్రభుత్వం నిర్బంధ శిబిరాలకు తరలించింది.

నైల్స్ గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. 1869లో తూర్పు అమెరికాను అఖాతంతో కలిపిన రైలు మార్గం నైల్స్ లోయలోంచే దిగింది. రైలుతో మొక్కల నర్సరీ వ్యాపారం పెరిగింది. ఆ తర్వాత ఎవరూ ఊహించనిది వచ్చింది: సినిమా. షికాగోకి చెందిన ఎస్సనే కంపెనీ 1912 నుంచి 1916 దాకా ఇక్కడ స్టూడియో నడిపింది. కొండలు, లోయ, రైలు పట్టాలు, ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ ఉండటం కౌబాయ్ సినిమాలకు అచ్చంగా సరిపోయాయి. "బ్రాంకో బిల్లీ"గా పేరుపడ్డ గిల్బర్ట్ ఆండర్సన్ ఇక్కడ వందల కొద్దీ చిన్న చిత్రాలు తీశాడు. 1915లో చార్లీ చాప్లిన్ వచ్చి ఐదు చిత్రాలు తీసి, ఊరు నచ్చక లాస్ ఏంజెలెస్ దారి పట్టాడు. మరుసటి ఏడాది స్టూడియో మూతపడింది. అదే గనక నిలదొక్కుకుని ఉంటే అని నైల్స్ వాళ్ళు ఇప్పటికీ సరదాగా అనుకుంటారు. బజారు వీధిలో మూకీ చిత్రాల మ్యూజియం ఉంది, పాత బొమ్మలు ఇప్పటికీ వేస్తుంటారు.

గీత గీసుకున్న రోజు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బే ఏరియాలో ఇళ్ళ నిర్మాణం వరదలా వచ్చింది. సైనికులు తిరిగొచ్చారు, ఫ్రీవేలు పడ్డాయి, పళ్ళతోటలు ప్లాట్లయ్యాయి. ఉత్తరం నుంచి హేవార్డ్ పెరుగుతోంది. దక్షిణాన శాన్ హోసే అందినంత భూమిని తనలో కలుపుకుంటోంది.

ఇక్కడ కాలిఫోర్నియా పద్ధతి ఒకటి చెప్పాలి. మన దగ్గర ఊరు మున్సిపాలిటీ కావాలంటే పైనుంచి ప్రభుత్వం జీవో ఇవ్వాలి. అక్కడ అది కిందినుంచి మొదలవుతుంది. స్థానికులు పిటిషన్ పెట్టి, ఓటేసి తమ ఊరిని నగరంగా ప్రకటించుకోవచ్చు. అలా చేసుకోని ప్రాంతం కౌంటీ చేతిలో ఉంటుంది, పక్క నగరం దాన్ని ముక్కలు ముక్కలుగా కలిపేసుకోగలదు. నగరమైతే ఏ భూమిలో ఇళ్ళు, ఏ భూమిలో ఫ్యాక్టరీ అన్న నిర్ణయం, ఆస్తిపన్నులో వాటా సొంత చేతికొస్తాయి. దక్షిణాన మిల్పిటాస్ 1954లో ఈ దారే తొక్కింది.

వాషింగ్టన్ టౌన్‌షిప్‌లో ఎనిమిది పల్లెలూ ఒకే నగరమైతే బాగుంటుందన్న ఆలోచన ఉంది. కానీ ఊళ్ళ మధ్య పంతాలు ఎక్కడైనా ఒకటే. తమ పరిశ్రమల పన్ను మిగతావాళ్ళతో పంచుకోవడం ఇష్టంలేని నెవార్క్ 1955లోనే విడిగా నగరమైపోయింది. మిగిలినవాటిలో ఐదు ఒప్పుకున్నాయి. 1956 జనవరి 23న ఫ్రీమాంట్ పుట్టింది. అల్వరాడో, డెకోటో 1959లో యూనియన్ సిటీ అయ్యాయి. ఎనిమిది పల్లెలు, మూడు నగరాలు.

ఐదింటిలో ఏ ఊరి పేరు పెట్టినా మిగతా నాలుగూ మూతి ముడుచుకుంటాయి. అందుకే ఎవరిదీ కాని పేరు తెచ్చారు: జాన్ చార్ల్స్ ఫ్రీమాంట్, 19వ శతాబ్దపు సైనికాధికారి, దారులు వెతికిన యాత్రికుడు, 1856లో రిపబ్లికన్ పార్టీ తొలి అధ్యక్ష అభ్యర్థి. మూల నివాసుల ఊచకోతల మచ్చ కూడా ఆయనకుంది. పేరు పెట్టినవాళ్ళు అప్పట్లో దాని గురించి ఆలోచించినట్టు లేదు.

అప్పటికి జనాభా ఇరవై వేల పైచిలుకు మాత్రమే, నేల మాత్రం శాన్‌ఫ్రాన్సిస్కో నగరం కంటే పెద్దది. చేతిలో అంత ఖాళీ జాగా ఉండటమే వాళ్ళకు అందిన అవకాశం. పడమటన, దక్షిణాన రైలు పట్టాలకు, ఫ్రీవేకి దగ్గరగా ఉన్న చదును భూమిని పరిశ్రమలకు పక్కనపెట్టారు. ఐదు పాత ఊళ్ళను కలుపుతూ ఇళ్ళ కాలనీలకు చోటిచ్చారు. ఏ ఊరికీ చెందకుండా వాటి నడుమ ఉన్న ఖాళీ చేలల్లో "సెంట్రల్ డిస్ట్రిక్ట్" అని ఒక కొత్త నడిబొడ్డును కాగితం మీద గీశారు. ఎవరికీ అన్యాయం జరగలేదు, అందుకే అది ఎవరిదీ కాలేదు. ఆసుపత్రి వచ్చింది, షాపింగ్ సెంటర్ వచ్చింది, 1972లో రైలు స్టేషన్ కూడా వచ్చింది. వీధిలో నడిచే మనుషులు మాత్రం రాలేదు. కారు దిగి, పని చూసుకుని, మళ్ళీ కారెక్కి పోయే చోటైంది అది. రాజీతో పుట్టిన ఊరికి రాజీ లాంటి సెంటరే దక్కింది.

కొండల విషయంలో మాత్రం ఊరి జనం రాజీ పడలేదు. 1981లోనూ 2002లోనూ ఓట్లేసి మరీ కొండల మీద ఇళ్ళ నిర్మాణాన్ని గట్టిగా కట్టడి చేశారు. అఖాతం వైపు చిత్తడి నేలలు 1970లలో జాతీయ వన్యప్రాణి శరణాలయంలో చేరాయి. పైనా కిందా రెండు వైపులా తలుపులు మూసుకోవడంతో, ఆ తర్వాత పెరిగినదంతా మధ్యలోనే సర్దుకోవాల్సి వచ్చింది. ఇళ్ళ ధరల గురించి మాట్లాడేటప్పుడు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. ఆ కొండలే ఇవాళ ఊరి అందం, ఆ కొండలే ఊరి ఖరీదు కూడా.

ఒకే షెడ్డు, మూడు జన్మలు

పరిశ్రమలకు పక్కనపెట్టిన నేల త్వరలోనే ఫలించింది. ఓక్లాండ్‌లో పాతబడ్డ ఫ్యాక్టరీని మూసి జనరల్ మోటార్స్ 1963లో ఫ్రీమాంట్‌లో కొత్త కార్ల ఫ్యాక్టరీ తెరిచింది. ఊరి జనాభా 1960లో 43,790. 1970కల్లా 1,00,869. పదేళ్ళలో రెట్టింపుకు మించి. అమెరికా శివారు ఊరంటే పొద్దున్నే అందరూ పెద్ద నగరానికి పనికి పోయి రాత్రికి పడుకోవడానికి వచ్చే చోటు అన్న పేరుంది. ఫ్రీమాంట్ ఆ కోవలోకి పూర్తిగా ఎప్పుడూ రాలేదంటే కారణం ఆ షెడ్డే.

కానీ లోపల పని వాతావరణం ఘోరంగా ఉండేది. యాజమాన్యం, యూనియన్ ఉప్పూనిప్పూ. పనికి ఎగ్గొట్టేవాళ్ళు ఎంతమందంటే, కొన్ని రోజుల్లో లైను నడపడానికి మనుషులు చాలేవారు కాదు. 1982లో జనరల్ మోటార్స్ మూసేసి వెళ్ళిపోయింది. వేలమంది రోడ్డున పడ్డారు.

రెండేళ్ళకు జరిగింది బిజినెస్ స్కూళ్ళు ఇప్పటికీ పాఠంగా చెప్పుకుంటాయి. అమెరికాలో కార్లు తయారు చేయడం నేర్చుకోవాలని టొయోటాకి, జపాన్ పద్ధతి ఏమిటో చూడాలని జనరల్ మోటార్స్‌కి అవసరం పడింది. ఇద్దరూ కలిసి 1984లో నమ్మీ అనే సంస్థగా అదే షెడ్డును తెరిచారు. పనిలోకి తీసుకున్నది ఎక్కువగా పాత కార్మికులనే. దేశం మొత్తంలో పనికిమాలినవాళ్ళని పేరుపడ్డ మనుషులే. వాళ్ళని బృందాలుగా జపాన్ పంపి, టొయోటా లైను మీద నిలబెట్టి నేర్పించారు. తప్పు కనిపిస్తే ఏ కార్మికుడైనా తాడు లాగి లైను ఆపవచ్చన్నది కొత్త పద్ధతి. అంతకుముందు అదే షెడ్డులో లైను ఆపడం అంటే ఉద్యోగం పోగొట్టుకోవడం. కొద్ది నెలల్లోనే అదే మనుషుల చేతుల మీదుగా నాణ్యమైన కార్లు బయటికొచ్చాయి. తేడా మనుషుల్లో లేదు, వాళ్ళను నడిపిన తీరులో ఉంది. విచిత్రమేమిటంటే, కళ్ళెదుటే చూసిన ఈ పాఠాన్ని జనరల్ మోటార్స్ తన మిగతా ఫ్యాక్టరీలకు చేర్చడానికి చాలా ఏళ్ళు తీసుకుంది.

2009లో దివాలా తీసిన జనరల్ మోటార్స్ భాగస్వామ్యం వదులుకుంది. 2010 ఏప్రిల్ 1న చివరి కారు, ఒక కొరోలా, బయటికొచ్చాక నమ్మీ మూతపడింది. కాలిఫోర్నియాలో అప్పటికి మిగిలిన కార్ల ఫ్యాక్టరీ అదొక్కటే. 4,700 ఉద్యోగాలు పోయాయి. రెండు నెలలు తిరక్కుండానే, అప్పటికి ఏడాదికి వందల్లో మాత్రమే కార్లు అమ్ముతున్న టెస్లా దాన్ని 4.2 కోట్ల డాలర్లకు కొంది. అంత పెద్ద ఫ్యాక్టరీకి అది కారుచౌక. టొయోటానే తిరిగి టెస్లాలో 5 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టింది. 2012 జూన్‌లో మోడల్ ఎస్ కార్లు కొన్నవాళ్ళకి అందడం మొదలైంది. ఆ తర్వాత మోడల్ 3, మోడల్ వై కూడా ఇక్కడి లైన్ల మీదికి వచ్చాయి. ఉద్యోగులు 20 వేలు దాటారు. 2021లో కంపెనీ ప్రధాన కార్యాలయం టెక్సస్ వెళ్ళిపోయినా షెడ్డు ఇక్కడే నడుస్తోంది.

టెస్లా రాక ఊరి అదృష్టమని చాలామంది అంటారు. పూర్తిగా అదృష్టమే అనలేం. ఫ్యాక్టరీ మూసిన చోట ఇళ్ళో షాపింగ్ మాల్ ఒకటో కట్టేసుకుంటే పోయేదని చాలా నగరాలు అనుకున్న రోజుల్లో, ఫ్రీమాంట్ ఆ నేలను పరిశ్రమకే ఉంచుకుంది. చుట్టుపక్కల అదే కనిపిస్తుంది. ఆపిల్ మెకింటాష్‌లను 1984 నుంచి కొన్నేళ్ళు ఇక్కడే తయారు చేసింది. చిప్పులు చేసే యంత్రాలను తయారు చేసే లామ్ రీసెర్చ్ ప్రధాన కార్యాలయం ఇక్కడే. సిలికాన్ వ్యాలీ అంటే కంప్యూటర్ ముందు కూర్చుని కోడు రాయడమే అనుకునేవాళ్ళకి ఫ్రీమాంట్ పారిశ్రామిక వాడ వేరే బొమ్మ చూపిస్తుంది. ఇక్కడ స్క్రూలు బిగించేవాళ్ళున్నారు, వెల్డింగ్ చేసేవాళ్ళున్నారు, వైద్య పరికరాలు కూర్చేవాళ్ళున్నారు.

దెబ్బలూ తగిలాయి. సోలార్ పలకల కంపెనీ సొలిండ్రా కేంద్ర ప్రభుత్వం హామీ ఇచ్చిన 53.5 కోట్ల డాలర్ల అప్పుతో ఇక్కడ భారీ ఫ్యాక్టరీ కట్టింది. చైనా పలకల ధరలు పడిపోయేసరికి 2011లో దివాలా తీసింది. వాషింగ్టన్‌లో రాజకీయ దుమారం రేగింది, ఇక్కడ సుమారు 1,100 మంది ఒక్కరోజులో ఇంటిదారి పట్టారు. ఆ భవనాన్ని తర్వాత హార్డ్ డిస్కుల కంపెనీ సీగేట్ కొనుక్కుంది. షెడ్డు ఉంటే ఎవరో ఒకరు వస్తారన్నది ఈ ఊరికి పదే పదే అనుభవమైన సంగతి.

ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు

1970లో ఫ్రీమాంట్ దాదాపుగా తెల్లవాళ్ళ ఊరు. 2000 నాటికి ఆసియా మూలాలవాళ్ళు 37 శాతం. 2010లో సగం దాటారు, 2020లో 60 శాతం దాటారు. నలభై ఏభై ఏళ్ళలో ఒక ఊరు ఇంతగా మారిన ఉదాహరణలు అమెరికాలో తక్కువే. పెద్ద గొడవలు లేకుండా మారినవి ఇంకా తక్కువ.

ముందొచ్చినవాళ్ళలో పంజాబీలున్నారు. వాళ్ళ గురుద్వారా 1978లో మొదలైంది, అది ఉన్న రోడ్డుకి తర్వాత గురుద్వారా రోడ్ అని పేరు మార్చారు. 1979లో సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లోకి దిగాక శరణార్థులు వచ్చారు. అప్పట్లో ఇక్కడ అద్దెలు తక్కువ. ఒక కుటుంబం వెంట ఇంకో కుటుంబం వచ్చి సెంటర్‌విల్ బజారు "లిటిల్ కాబూల్" అయింది. పోర్చుగీసు రైతుల పాత ఊళ్ళో ఇవాళ పొద్దున్నే తందూరు మీద కాలే అఫ్గాన్ రొట్టె వాసన వస్తుంది. తైవాన్, చైనా ఇంజనీర్లు 80లలో, భారతీయులు 90లలో పెరిగారు.

తెలుగువాళ్ళ రాక వై2కే రోజుల నుంచి జోరందుకుంది. హెచ్-1బీ వీసాల పరిమితి 1998లో, మళ్ళీ 2000లో పెరిగింది. హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి బయల్దేరిన కుర్రాళ్ళు మొదట సన్నీవేల్, శాంటా క్లారా అపార్ట్‌మెంట్లలో నలుగురైదుగురు కలిసి ఉండేవారు. పెళ్ళై, పిల్లలు బడికెళ్ళే వయసొచ్చాక మ్యాపు ముందేసుకుని లెక్కలు వేసుకున్నారు. కూపర్టీనోలో ఇల్లు అందదు. ఫ్రీమాంట్‌లో అదే డబ్బుకి ఇంకో గది వస్తుంది, బడులు మంచివి, 880, 680 రెండు ఫ్రీవేలూ శాన్ హోసే వైపు దింపుతాయి, డంబార్టన్ వంతెన దాటితే మెన్లో పార్క్, పాలో ఆల్టో. ఆ లెక్క అందరిదీ ఒకటే కావడంతో అందరూ ఒకే చోటికి చేరారు. ఇప్పుడు నగర జనాభాలో పావు వంతుకు పైగా భారతీయులే. వాళ్ళలో తెలుగు ఎంత అన్నది కిరాణా కొట్టులో గోంగూర కట్టలు, ఆవకాయ సీసాలు ఉన్న అర చూస్తే తెలిసిపోతుంది. పక్క ఊరు మిల్పిటాస్‌లో సిలికానాంధ్ర విశ్వవిద్యాలయం మొదలైంది. ఫ్రీమాంట్ హిందూ దేవాలయంలో పండగ రోజు పార్కింగ్ దొరకడం ఒక పరీక్ష.

అప్పుడు చవకని వచ్చిన ఊళ్ళో ఇవాళ ఒక మామూలు మూడు పడగ్గదుల ఇల్లు 15 లక్షల డాలర్లు దాటింది. కుటుంబాల మధ్యస్థ ఆదాయం ఏడాదికి లక్షన్నర డాలర్లకు పైనే ఉన్నా చాలామందికి ఇల్లు అందదు. కొండలు మూసేశారు, చిత్తడి నేలలు మూసేశారు, పారిశ్రామిక వాడలో చాలాకాలం ఇళ్ళు కట్టనివ్వలేదు. దానికి తోడు 1978లో రాష్ట్ర ప్రజలు ఓటేసి తెచ్చుకున్న ప్రొపొజిషన్ 13 ఉంది. ఇల్లు కొన్న ధర మీద 1 శాతమే మూల పన్ను, ఆ విలువను ఏడాదికి 2 శాతం మించి పెంచకూడదు. 1980లో లక్ష డాలర్లకు కొన్నవాళ్ళు ఇవాళ్టికీ రెండున్నర వేలలోపే కడుతుంటే, పక్కనే అదే నమూనా ఇల్లు 16 లక్షలకు కొన్న కొత్తవాళ్ళు 16 వేలు కడతారు. పాతవాళ్ళు అమ్మరు, కొత్తవాళ్ళకి దొరకదు. వీధి ఒకటే, నీళ్ళు ఒకటే, బడి ఒకటే, బిల్లు మాత్రం ఆరేడు రెట్లు.

అందుకే పొద్దున పూట రోడ్లను చూస్తే ఈ ఊరి ఆర్థిక వ్యవస్థ ఒక్క చూపులో తెలుస్తుంది. ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్ళు దక్షిణానికీ పడమటికీ పోతుంటారు. ఫ్రీమాంట్‌లో పనిచేసేవాళ్ళలో చాలామంది కొండల అవతలి ట్రేసీ, మాంటెకా, స్టాక్టన్‌ల నుంచి తెల్లారకముందే బయల్దేరి సునోల్ కొండ దిగి వస్తుంటారు. 1998 నుంచి స్టాక్టన్, శాన్ హోసేల మధ్య నడుస్తున్న రైలు సెంటర్‌విల్ పాత స్టేషన్‌లో ఆగుతుంది. ఫ్యాక్టరీలో కారు తయారు చేసే మనిషికి ఆ ఫ్యాక్టరీ ఉన్న ఊళ్ళో ఇల్లు కొనే స్తోమత లేదు. 1963లో ఉండేది. ఇప్పుడు తెలుగు కుటుంబాలు కూడా కొండ దాటి మౌంటెన్ హౌస్‌కి వెళుతున్నాయి. ఆ ఊరు 2024లోనే నగరమైంది. ఇరవై ఏళ్ళ కిందట ఫ్రీమాంట్ కోసం వేసుకున్న లెక్కనే ఇంకో ముప్పై నలభై మైళ్ళు అవతల వేసుకుంటున్నారు.

మళ్ళీ డౌన్‌టౌన్ దగ్గరికి

బార్ట్ రైళ్ళ తొలి ప్రయాణం 1972 సెప్టెంబరు 11న ఓక్లాండ్ నుంచి ఫ్రీమాంట్‌ దాకా జరిగింది. 45 ఏళ్ళు ఫ్రీమాంటే ఆ దారిలో ఆఖరి స్టేషన్. 2017లో వార్మ్ స్ప్రింగ్స్ దాకా, 2020లో శాన్ హోసే శివార్లలోని బెరియెస్సా దాకా సాగింది. పొడిగించిన దారి లేక్ ఎలిజబెత్ కింద సొరంగంలో వెళుతుంది. టెస్లా ఫ్యాక్టరీ పక్కన వార్మ్ స్ప్రింగ్స్ స్టేషన్ చుట్టూ నగరం ఇన్నాళ్ళకి తన పాత నియమాన్ని కొంచెం సడలించి, పరిశ్రమల నేలలో వేల అపార్ట్‌మెంట్లకు అనుమతిచ్చింది. 1956లో ఖాళీ చేలల్లో గీసిన సెంట్రల్ డిస్ట్రిక్ట్‌లో కూడా క్యాపిటల్ అవెన్యూ వెంట షాపులు, పైన ఇళ్ళు, ఒక సభాస్థలం కట్టి డౌన్‌టౌన్ అనే బోర్డు పెట్టారు. శుక్రవారం సాయంత్రాలు అక్కడ జనం కనిపిస్తున్నారు. అరవై ఏళ్ళు ఆలస్యమైనా మొదలైంది.

ఐదు ఊళ్ళు మాత్రం కలవలేదు, వేషం మార్చుకున్నాయంతే. 2000లో కొన్ని వీధుల పిల్లల్ని మిషన్ శాన్ హోసే హైస్కూల్ నుంచి ఇర్వింగ్టన్ హైస్కూల్‌కి మార్చాలని స్కూలు బోర్డు నిర్ణయిస్తే తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు, అసలు స్కూలు డిస్ట్రిక్ట్ నుంచే విడిపోతామన్నారు. కొందరికి ఇంటి విలువ పడిపోతుందన్న టెన్షన్, కొందరికి పిల్లల చదువు గురించి దిగులు. 1955 నాటి పంతమే, ఈసారి బడి హద్దు మీద. రియల్ ఎస్టేట్ ఏజెంటుకి ఫ్రీమాంట్‌లో ఇల్లు కావాలని చెబితే వెంటనే వచ్చే ప్రశ్న ఏ పిన్‌కోడ్ అని. 94539 అంటే మిషన్, వార్మ్ స్ప్రింగ్స్. 94536 అంటే సెంటర్‌విల్, నైల్స్. 94538 అంటే ఇర్వింగ్టన్. 94555 అంటే ఆర్డెన్‌వుడ్ వైపు. పుట్టినరోజు పార్టీలో కొత్తగా పరిచయమైన తెలుగువాళ్ళు ఎక్కడుంటారని అడిగితే ఫ్రీమాంట్ అన్న జవాబుతో ఎవరూ ఆగరు. "ఫ్రీమాంట్ సరే, ఏ హైస్కూలు కిందికొస్తుంది మీ ఇల్లు?"